4 ఐరన్, 5 ఐరన్ ఒకే చోట పడుతుంటే కొనాల్సింది ఏమిటి?

గోల్ఫ్‌లో మీ 4 ఐరన్‌తో, 5 ఐరన్‌తో కొట్టిన బంతులు ఒకే దూరం వెళ్తున్నాయని రాశారు. వచ్చే నెల మీ బావమరిది డల్లాస్ నుంచి వస్తున్నారు, ఆయన చేత 4 హైబ్రిడ్ ఒకటి తెప్పించుకోనా అని అడిగారు. (బంతిని కొట్టే కర్రలే క్లబ్బులు. వుడ్లు పెద్ద తలతో ఎక్కువ దూరానికి, ఐరన్లు సన్నటి తలతో తక్కువ దూరానికి, హైబ్రిడ్లు ఈ రెంటికీ మధ్య.) వద్దు. ఆ ఒక్క క్లబ్బుతో మీ బ్యాగులో ఉన్న చిక్కు తీరదు, ఇంకాస్త బిగుసుకుంటుంది. ఎందుకో చెప్పడానికి మీరు పంపిన లెక్కలనే ముందు పెట్టుకుంటాను.

డ్రైవర్ 205 గజాలు, 15 డిగ్రీల 3 వుడ్ నేల మీద నుంచి 180, 19 డిగ్రీల 3 హైబ్రిడ్ 168, 4 ఐరన్ 154, 5 ఐరన్ 153, 6 ఐరన్ 146, 7 ఐరన్ 136. అన్నీ సిమ్యులేటర్‌లో కొలిచిన క్యారీలు, అంటే బంతి గాలిలో ప్రయాణించి మొదటిసారి నేలను తాకేవరకు ఉన్న దూరం. డిగ్రీలు అంటే లాఫ్ట్, క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం. (యార్డ్ అంటే మన గజమే. ప్లాట్లు కొనేటప్పుడు గజాల్లో మాట్లాడేవాళ్ళం గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి యార్డులు అంటాం. నేను గజాలే రాస్తాను.) మీ వయసు 46, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆట) 19, ఆడేది గోల్కొండ నయాఖిలా పక్కనున్న కోర్సులో.

ఇందులోకి 22 డిగ్రీల 4 హైబ్రిడ్ వచ్చిందనుకోండి. అది మీ చేతిలో సుమారు 160 వెళ్తుంది. అప్పుడు మీ బ్యాగులో 168, 160, 154, 153, 146. ఇరవై రెండు గజాల జాగాలో అయిదు క్లబ్బులు! పైన డ్రైవర్‌కీ 3 వుడ్‌కీ మధ్య పాతిక గజాల ఖాళీ అలాగే ఉంటుంది. కింద వెడ్జ్‌ల (దగ్గరి దెబ్బలకు వాడే ఎక్కువ లాఫ్ట్ క్లబ్బులు) దగ్గర ఇంకొక గొయ్యి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు 4, 5 ఐరన్లు ఎందుకు ఒకే చోట పడుతున్నాయో చూద్దాం. మీరు దీన్ని స్వింగ్‌లో లోపం అనుకుంటున్నారు. కొంత ఉండవచ్చు, కానీ అసలు కారణం అది కాదు. బంతి దూరం వెళ్ళాలంటే వేగం ఒక్కటే చాలదు, గాలిలో నిలబడాలి. నిలబడాలంటే తగినంత ఎత్తుకు లేవాలి, తగినంత బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి సుడి తిరగడం) ఉండాలి. ఈ రెండూ లాఫ్ట్ నుంచి, తల వేగం నుంచి వస్తాయి. లాఫ్ట్ తగ్గించుకుంటూ పోతే ఒక హద్దు దాకా దూరం పెరుగుతుంది. ఆ హద్దు దాటాక, లాఫ్ట్ తగ్గడం వల్ల పెరిగిన కాస్త వేగాన్ని తగ్గిన ఎత్తు మింగేస్తుంది. ఆ హద్దు ఎక్కడ ఉంటుందన్నది మనిషి తల వేగాన్ని బట్టి మారుతుంది. (తల అంటే క్లబ్బు తల. మా ఆవిడ ఇది చదివి ఒకసారి నవ్వింది, అందుకే చెబుతున్నాను.) డ్రైవర్‌తో 205 క్యారీ అంటే మీ వేగం గంటకు 90 మైళ్ళ లోపే ఉంటుంది. ఆ వేగానికి, సన్నటి ఐరన్ తలతో, ఆ హద్దు మీ 5 ఐరన్ దగ్గరే వచ్చేసింది. దాని పైన 4 ఐరన్ కాదు, 3 ఐరన్ పెట్టినా అదే 154.

బంతి గమనాన్ని రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ కంపెనీది, చాలాకాలంగా చలామణిలో ఉన్న సగటుల పట్టిక చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. అందులో పీజీఏ టూర్ (అమెరికా వృత్తి గోల్ఫర్ల పోటీలు) మగవాళ్ళ డ్రైవర్ తల వేగం 113 మైళ్ళు, క్యారీ 275 గజాలు. 3 వుడ్ 243, 5 వుడ్ 230, 3 ఐరన్ 212, 4 ఐరన్ 203, 5 ఐరన్ 194. ఐరన్ల మధ్య మెట్లు చక్కగా తొమ్మిదేసి గజాలు. ఇంకొక విశేషం ఏమిటంటే, డ్రైవర్ కొట్టినా పిచింగ్ వెడ్జ్ కొట్టినా వాళ్ళ బంతి ఎత్తు దాదాపు ఒకటే, 30 గజాల చుట్టుపక్కల. మీ సిమ్యులేటర్ కాగితంలో 7 ఐరన్ ఎత్తు 24 గజాలు, 4 ఐరన్ ఎత్తు 14 గజాలు అని ఉంది. జబ్బు అక్కడే కనిపిస్తోంది.

ఇప్పుడు అదే పట్టికలో ఎల్‌పీజీఏ (ఆడవాళ్ళ వృత్తి పోటీలు) వరుస చూడండి. డ్రైవర్ వేగం 94 మైళ్ళు, క్యారీ 218. 3 వుడ్ 195, 5 వుడ్ 185, 7 వుడ్ 174, 4 ఐరన్ 169, 5 ఐరన్ 161. వాళ్ళ వరుసలో 7 వుడ్ ఉంది, 3 ఐరన్ అసలు లేదు. 7 వుడ్ నేలకు దిగే కోణం 46 డిగ్రీలు, 4 ఐరన్‌ది 43. ఎక్కువ దూరం వెళ్ళే క్లబ్బే ఎక్కువ నిటారుగా దిగుతోంది, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద త్వరగా ఆగుతోంది. ప్రపంచంలో అత్యుత్తమంగా బంతిని తాకే మనుషులు ఆ వేగంతో ఆ ఎంపిక చేసుకున్నారు. మన క్లబ్బుల్లో మగవాళ్ళు మాత్రం టీవీలో 113 మైళ్ళ వాళ్ళను చూసి బ్యాగు నింపుకుంటారు. నేనూ అలాగే నింపుకున్నాను, అందుకే తెలుసు.

నా కథ చెప్పనివ్వండి. పదిహేనేళ్ళ కిందట ఒక దుకాణంలో ముచ్చటపడి సన్నటి తలతో 3 ఐరన్ కొన్నాను. రెండేళ్ళు మోశాను. నెలకు ఒకసారి అద్భుతంగా తగిలేది, ఆ ఒక్క దెబ్బ జ్ఞాపకం మీద మిగతా నెలంతా దాన్నే బయటికి తీసేవాడిని. ఒకరోజు మిత్రుడొకరు పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే తెచ్చి దాని ముఖం మీద పలచగా కొట్టారు. తెల్లటి పొర మీద ఒక్కో బంతి గుండ్రటి మచ్చ వదులుతుంది. పది బంతులు కొట్టాను. పదింటిలో ఆరు మచ్చలు ముఖం కింది అంచున, ముక్కు (తల కొస) వైపు, ఎవరో బొటనవేలితో వరుసగా అద్దినట్టు పడ్డాయి. మధ్యలో ఒక్కటే. ఆ తర్వాత అదే స్ప్రే ఆయన 7 వుడ్ మీద కొట్టి పది బంతులు కొట్టించారు. మచ్చలు అక్కడ కూడా చెల్లాచెదురే. కానీ పది బంతుల్లో ఎనిమిది పైకి లేచాయి. నేను మారలేదు, నా తప్పులను భరించే తల మారింది. మీరు కూడా ఈ స్ప్రే పరీక్ష చేసి చూడండి.

మీ బ్యాగులో ఈ లోపం ఇన్నాళ్ళు ఎందుకు కనపడలేదో కూడా ఊహించగలను. మార్చి నుంచి మే దాకా మన ఫెయిర్‌వేలు (కత్తిరించిన గడ్డి దారులు) ఎండి గట్టిపడతాయి. చదునుగా దిగిన 4 ఐరన్ బంతి పాతిక గజాలు దొర్లుతుంది, దూరం బాగానే వచ్చినట్టు అనిపిస్తుంది. తొలకరి పడి నేల మెత్తబడగానే ఆ దొర్లుడు పోతుంది. మీరు ప్రశ్న జులైలో అడగడం కాకతాళీయం కాదు. పొడవైన షాట్ల లెక్క ఎప్పుడూ క్యారీతోనే వేయాలి. దొర్లేది నేల ఇచ్చే బోనస్ మాత్రమే, ఇవాళ ఇస్తుంది, రేపు ఇవ్వదు.

ఇక కొనే విషయానికి వద్దాం. మొదటి మాట: తల కింద చెక్కిన అంకెను నమ్మకండి. మీ 7 ఐరన్ లాఫ్ట్ 30 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్ 43 అని రాశారు. నలభై ఏళ్ళ కిందట పిచింగ్ వెడ్జ్ 48, 50 డిగ్రీలు ఉండేది. మీ 4 ఐరన్ 21 డిగ్రీలు, అంటే ఒకప్పటి 3 ఐరన్‌కు కొత్త అంకె వేశారన్నమాట. కంపెనీలు అంకెలు జరిపాయి, లాఫ్ట్ ఇచ్చే ఎత్తు మాత్రం జరగలేదు. అందుకే మీ బావమరిదికి రాసేటప్పుడు '7 వుడ్' అని మాత్రమే రాయకుండా '21 డిగ్రీల 7 వుడ్' అని రాయండి. ఒక కంపెనీ 7 వుడ్ 20.5 ఉంటే ఇంకొక కంపెనీది 22 ఉంటుంది.

రెండో మాట: లాఫ్ట్ ఒకటైనంత మాత్రాన దూరం ఒకటి కాదు. 21 డిగ్రీల 7 వుడ్ పొడవు 42 అంగుళాల దరిదాపుల్లో, దాదాపు అదే లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్ 40, ఐరన్ 39 లోపు. పొడవు పెరిగితే తల వేగం పెరుగుతుంది. అంతేగాక వుడ్ తలలో బరువు ముఖానికి బాగా వెనకాల ఉంటుంది కాబట్టి బంతి మరింత పైకి లేస్తుంది. ఒకే లాఫ్ట్‌లో ఐరన్ కన్నా హైబ్రిడ్, హైబ్రిడ్ కన్నా వుడ్ ఎత్తుకు, దూరానికి వెళ్తాయి. మూడు జాతుల క్లబ్బులను లాఫ్ట్ అంకెలు మాత్రమే చూసి వరుసలో పేర్చితే గ్యాపింగ్ (క్లబ్బుల మధ్య దూరాల అమరిక) చెడిపోయేది ఇక్కడే. 'మూడేసి డిగ్రీలు తేడా పెట్టాను, అయినా ఖాళీలు సరిగా లేవు' అనేవాళ్ళు తరచూ కనిపిస్తారు. వాళ్ళు హైబ్రిడ్ నుంచి వుడ్‌కు మారిన చోట మెట్టు పెద్దదవుతుంది, ఐరన్ నుంచి హైబ్రిడ్‌కు మారిన చోట కూడా అంతే.

మరి మెట్టు ఎంత ఉండాలి? అన్నీ సమానంగా పదేసి గజాలు ఉండాలని మీరు అనుకుంటున్నట్టున్నారు. అక్కర్లేదు, కుదరదు కూడా. టూర్ ఆటగాళ్ళకే డ్రైవర్‌కీ 3 వుడ్‌కీ మధ్య 32 గజాలుంది. డ్రైవర్ టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద నుంచి కొడతాం, మిగతావి గడ్డి మీద నుంచి. ఆ ఖాళీ గురించి బెంగ పెట్టుకోకండి. కింద ఐరన్లలో పదేసి గజాలు, పైన 12 నుంచి 15 చాలు. ఎందుకంటే మీ సొంత చెదురు కూడా లెక్కలోకి వస్తుంది. ఒక పొడవైన క్లబ్బుతో పది బంతులు కొడితే, మరీ పాడైన రెండూ తీసేసినా, మిగిలిన ఎనిమిది ఇరవై గజాల పరిధిలో పడుతుంటాయి. 19 హ్యాండిక్యాప్‌కు అది మామూలే. చెదురే ఇరవై ఉన్నప్పుడు రెండు క్లబ్బుల మధ్య ఏడు గజాల తేడా కాగితం మీద కనిపిస్తుంది గాని గ్రీన్ మీద కనిపించదు.

పందిరి వేసేటప్పుడు ముందు రెండు చివరల గుంజలు పాతి, మధ్యవి తర్వాత పాతుతాం కదా, ఇక్కడా అంతే. కింది గుంజ మీరు నమ్మకంగా కొట్టే ఐరన్లలో అన్నిటికన్నా పొడవైనది. మీకది 6 ఐరన్, 146 గజాలు. 7 నుంచి 6కి పది గజాల మెట్టు నిలిచింది, 6 నుంచి 5కి ఏడుకు పడిపోయింది. మెట్టు కూలడం మొదలైన చోట ఐరన్లు ఆపేయాలి. పై గుంజ డ్రైవర్, 205. మధ్యలో 59 గజాలు. దీన్ని మూడు క్లబ్బులతో నింపవచ్చు. 24 లేదా 25 డిగ్రీల 5 హైబ్రిడ్ సుమారు 156, 21 డిగ్రీల 7 వుడ్ సుమారు 168, 16.5 లేదా 17 డిగ్రీల 4 వుడ్ సుమారు 183. మెట్లు కింది నుంచి పది, పన్నెండు, పదిహేను, ఇరవై రెండు. ఇవి మీ వేగానికి నా అంచనాలు, మీ చేతిలో నాలుగైదు గజాలు అటూ ఇటూ కావచ్చు. వరుస స్వరూపం మాత్రం ఇదే ఉంటుంది.

3 వుడ్ తీసేయమంటే మీ మనసు ఒప్పుకోదని తెలుసు. అది 180, నేను చెప్పే 4 వుడ్ 183, దూరం పోకుండానే లాఫ్ట్ పెరుగుతోంది. 15 డిగ్రీలతో నేల మీద ఉన్న బంతిని లేపడానికి మీ వేగం చాలడం లేదు. మీరే రాశారు, పదిలో మూడు 'పాము పాకినట్టు' వెళ్తున్నాయని. ఆ మూడింటి కోసమే ఈ మార్పు.

మీ కోర్సులో మీకు మిగిలే దూరాలు చూసినా ఇదే తేలుతుంది. 400 గజాల పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్)లో డ్రైవర్ 205 క్యారీ, దొర్లుడుతో 220 అనుకుంటే మిగిలేది 180. 380 అయితే 160. పొడవైన పార్ 3లు కూడా ఆ పరిధిలోనే ఉంటాయి. అంటే మీ ఆట నడిచేది 155కీ 185కీ మధ్య. ప్రస్తుతం ఆ ముప్పై గజాలలో మీకున్నవి బంతిని పైకి లేపలేని 3 వుడ్, ఒక మంచి హైబ్రిడ్, అంతే.

ఇక వెడ్జ్‌ల గొయ్యి. మీ పిచింగ్ వెడ్జ్ 43, తర్వాతది 52, ఆపైన 56, 60. 43కీ 52కీ మధ్య తొమ్మిది డిగ్రీలు. వంద గజాల దగ్గర సగం స్వింగులతో తంటాలు పడుతున్నానని మీరు వేరే వాక్యంలో రాశారు, కానీ రెండూ ఒకే సమస్య. నేను చెప్పిన మార్పుతో నాలుగు క్లబ్బులు (3 వుడ్, 3 హైబ్రిడ్, 4, 5 ఐరన్లు) పోయి మూడు వస్తాయి. మిగిలిన జాగాలో 48 డిగ్రీల వెడ్జ్ పెట్టండి. మొత్తం మళ్ళీ పద్నాలుగే. 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం పెట్టిన హద్దు అది, మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ వాళ్ళూ తెచ్చారు. కొత్త వాటిని పరీక్షిస్తూ పాతవి బ్యాగులోనే మరిచి పోటీకి వెళ్ళకండి. పదిహేనోది దొరికితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీ) హోల్‌కు రెండు చొప్పున నాలుగు స్ట్రోకుల దాకా జరిమానా పడుతుంది. అలాగని పద్నాలుగూ నింపి తీరాలన్న నియమం లేదు. 1916లో అమెరికా గోల్ఫర్ చిక్ ఎవాన్స్ యూఎస్ ఓపెన్‌ను ఏడు క్లబ్బులతో గెలిచారు.

7 వుడ్ మీద మీకు రాబోయే అభ్యంతరాలు రెండు. ఒకటి గాలి. జూన్, జులైలలో నైరుతి గాలి ముఖం మీదికి కొడుతుంటే ఎత్తుగా వెళ్ళే బంతి ముందుకు కదలదు, నిజమే. అలాంటి రోజున 7 వుడ్‌ను రెండంగుళాలు కిందికి పట్టుకుని, ముప్పావు స్వింగుతో కొట్టండి. రెండోది రఫ్. ఒత్తయిన గడ్డిలో వుడ్ తల కన్నా హైబ్రిడ్ తల సులువుగా దూసుకుపోతుంది. మీకు 5 హైబ్రిడ్ సూచించడానికి సగం కారణం ఇదే. మూడోది మీరు అడగలేదు కానీ చెబుతాను: ఎక్కువ లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్లు కుడిచేతి వాళ్ళకు ఎడమకు లాగుతాయి. మీ బంతి మామూలుగా కుడికి వంగుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. హుక్ (బాగా ఎడమకు వంగే దెబ్బ) కొట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే 5 హైబ్రిడ్ బదులు 9 వుడ్ ప్రయత్నించండి.

కొలతల గురించి ఒక హెచ్చరిక. మీ సిమ్యులేటర్‌లో ఎత్తు ఎంత పెట్టారో అడగండి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో సముద్రం పక్కన కొట్టిన అదే బంతి ఇక్కడ దాదాపు రెండు శాతం ఎక్కువ వెళ్తుంది, అంటే 200 గజాలకు నాలుగు గజాలు. పెద్ద తేడా కాదు, కానీ ఒకరోజు సముద్రమట్టం లెక్కతో, ఇంకొకరోజు ఇక్కడి లెక్కతో కొలిస్తే ఒక మెట్టులో మూడో వంతు గల్లంతవుతుంది. బంతి విషయం ఇంతకన్నా ముఖ్యం. ప్రాక్టీసు రేంజ్ బంతులతో గ్యాపింగ్ కొలవకండి. మీరు ఆడే బంతులే అరడజను తీసుకెళ్ళండి. క్లబ్బుకు పది కొట్టి, పూర్తిగా చెడినవి రెండు తీసేసి, మిగిలిన వాటిలో నడిమి అంకె రాసుకోండి. ఎంత ముద్దొచ్చినా అన్నిటికన్నా పొడవైన దాన్ని రాసుకోవద్దు.

తెప్పించుకునే పద్ధతి ఇది. మూడూ ఒకేసారి వద్దు. ఈసారి 7 వుడ్, 5 హైబ్రిడ్ తెప్పించుకోండి. రెండు మూడేళ్ళ పాత మోడల్ అయినా ఫరవాలేదు, అమెరికాలో వాడిన క్లబ్బుల బజారు పెద్దది, బాగున్నవి సగం ధరకు దొరుకుతాయి. నెల రోజులు ఆడి క్యారీలు కొలిచాక, 7 వుడ్ 172 వచ్చిందా 165 వచ్చిందా చూసి పైదాన్ని నిర్ణయించండి. 172 వస్తే 16.5 డిగ్రీల 4 వుడ్, 165 వస్తే 18 డిగ్రీల 5 వుడ్ సరిపోతుంది. లాఫ్ట్ మార్చుకునే మెడ ఉన్నది దొరికితే మంచిదే, ఒక డిగ్రీ అటూ ఇటూ జరుపుకోవచ్చు. లాఫ్ట్ పెంచిన ప్రతిసారీ ముఖం కాస్త ఎడమకు మూసుకుంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

షాఫ్ట్ (క్లబ్బు కాడ) బరువు అడగకుండా ఎవరూ మీకు హైబ్రిడ్ అంటగట్టకూడదు. క్లబ్బు పొట్టిదవుతున్న కొద్దీ షాఫ్ట్ బరువు మెట్లు మెట్లుగా పెరగాలి. డ్రైవర్ 55 గ్రాములుంటే వుడ్లు 60, 65, హైబ్రిడ్ 75 దరిదాపుల్లో, ఆపైన ఐరన్లు. మధ్యలో ఒక్కటి తేలికైనా బరువైనా లయ తప్పుతుంది, అప్పుడు నేరం తల మీదికి పోతుంది. మీ 6 ఐరన్ షాఫ్ట్ మీద, పిడికి కాస్త కింద, చిన్న అక్షరాలతో బరువు రాసి ఉంటుంది. అది స్టీలా గ్రాఫైటా, ఎన్ని గ్రాములో చూసి రాయండి. మీ బావమరిది ఆర్డర్ పెట్టేలోగా హైబ్రిడ్‌కు ఏ బరువు అడగాలో చెబుతాను.